మావయ్య గోదారి ఈదాడా అంటే... ఈదాడండీ

కోతలు కొయ్యడం తప్పు కాదు, కోత సగంలో ఉండగా లేచి లెక్కలడగడం తప్పు. ఇదీ నా అభిప్రాయం. దీనిమీద మా ఇంట్లో ఓటింగ్ పెడితే నాకు డిపాజిట్ కూడా దక్కదు, మొదటి ఓటు మా ఆవిడే వ్యతిరేకంగా వేస్తుంది, అయినా రాస్తున్నా.

విషయం ఏంటంటే మొన్న శ్రావణంలో మా బావ కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకుంటే అందరం కోనసీమ వెళ్ళాం. భోజనాలయ్యాయి, ఎండ తగ్గింది, కుర్చీలు కొబ్బరిచెట్ల కిందకి లాక్కున్నాం, ఇంక మావయ్య 86లో గోదారికొచ్చిన వరద కథ ఎత్తుకున్నాడు. మా వైపు 86 వరద అంటే చెప్పక్కర్లేదు, ఆ వరదలో ఏదో ఒక ఘనకార్యం చెయ్యని మగాడు మా చుట్టాల్లో ఎవడూ లేడు, అప్పటికింకా పుట్టనివాళ్ళు కూడా కొంతమంది చేశారు.

నేను చిన్నప్పుడు విన్న వెర్షన్‌లో మావయ్య నడుంలోతు నీళ్ళలో ఒక గేదెని తోలుకొచ్చి ఏటిగట్టు ఎక్కించాడు. నేను ఇంటర్‌కొచ్చేసరికి గేదెలు రెండయ్యాయి, నీళ్ళు మెడదాకా వచ్చాయి. నా పెళ్ళినాటికి మావయ్య నడవడం మానేసి ఈదుతున్నాడు. ఇప్పుడు నడుస్తున్న వెర్షన్‌లో అర్ధరాత్రి, కరెంటు లేదు, గోదారి గౌతమి పాయ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, ఒక చేత్తో గేదె తోక, నెత్తిమీద అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ప్రెషర్ కుక్కరు, భుజమ్మీద తాచుపాము.

"పాముకి మాత్రం ప్రాణం తీపి కాదేంట్రా, పాపం ఎక్కడా ఆధారం దొరక్క నా భుజమెక్కింది, నేనూ ఏమీ అనలేదు, ఒడ్డు రాగానే దిగి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది" అన్నాడు మావయ్య.

"పాముకి అడుగులేంటి బావా?" అన్నాడు మా బాబాయ్.

"ఆ రోజు వేసింది" అన్నాడు మావయ్య.

నవ్వి నవ్వి మా అత్తయ్యకి పొలమారింది. సరిగ్గా అప్పుడు మావయ్య మనవడు, బీటెక్ చదువుతున్నాడు, ఫోన్లోంచి తలెత్తాడు. "తాతా, 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులట. ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు దాటిందంట. అంటే సెకనుకి 35 లక్షల ఘనపుటడుగుల నీళ్ళు. అందులో నువ్వు గేదెతో ఈదావా?" అన్నాడు. వెటకారంగా కూడా కాదు, మామూలుగా, వైవాలో ఎగ్జామినర్ అడిగినట్టు.

బాబాయ్ తన వంతు ప్రయత్నం చేశాడు, "చూశావా బావా, 35 లక్షలంట, ఇన్నాళ్ళూ నువ్వే తక్కువ చేసి చెప్తున్నావు" అని. నవ్వులైతే వచ్చాయి గానీ కథ మాత్రం మళ్ళీ లేవలేదు. మావయ్య కాసేపు కండువా సర్దుకుని, కాఫీలు పెడుతున్నారేమో చూస్తానని లోపలికెళ్ళిపోయాడు.

రాజుగారి ఓపిక

అందరం విన్న కథే. ఓ రాజుగారు తనచేత 'ఇది అబద్ధం' అనిపించినవాడికి అర్ధరాజ్యం ఇస్తానంటాడు. ఎవరెవరో వచ్చి ఏవేవో కోతలు కోస్తారు, ఆయన అన్నింటికీ 'ఊఁ, ఉండొచ్చు' అంటూ కూర్చుంటాడు. ఆఖరికి ఒకడు ఖాళీ కుండ పట్టుకొచ్చి 'మీ నాన్నగారు మా నాన్న దగ్గర దీన్నిండా వరహాలు అప్పు తీసుకున్నారు' అంటాడు. ఉండొచ్చు అంటే అప్పు తీర్చాలి, అబద్ధం అంటే అర్ధరాజ్యం పోతుంది, చివరికి అబద్ధమే అంటాడు.

చిన్నప్పుడు ఆ కుండవాడి తెలివే నచ్చేది. ఇప్పుడు నాకు రాజే నచ్చుతున్నాడు. అంతమంది అన్నేసి కోతలు కోస్తుంటే అడ్డు చెప్పకుండా ఊఁ కొట్టాడు చూడండి, అలాంటి శ్రోత దొరకాలంటే పెట్టి పుట్టాలి. ఇంకో సంగతి, రాజు నోటివెంట అబద్ధం అనే మాట ఎప్పుడొచ్చింది? డబ్బులడిగినప్పుడు వచ్చింది. అప్పటిదాకా నడిచినవి కోతలు, కుండ తెచ్చినవాడిది బిల్లు. నాకు తెలిసి కోతకీ అబద్ధానికీ తేడా మొత్తం ఇక్కడే ఉంది. విన్నాక నీ జేబులోంచి ఏమీ పోకపోతే అది కోత, హాయిగా వినొచ్చు. పాము నాలుగడుగులు వేసినందుకు నాకు పైసా ఖర్చు కాలేదు.

బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు బొంకినా పాపం రాని సందర్భాల లిస్టు చెప్తాడు కదా, పెళ్ళి దగ్గర, ప్రాణం దగ్గర, డబ్బు దగ్గర, పరువు దగ్గర అని, 'భోజనాలయ్యాక చెట్టుకింద' అన్నది అందులో కలపడం ఆయన మర్చిపోయాడని నా అనుమానం.

పిట్టలదొరలు ఈ విద్యని ఏకంగా వృత్తి చేసుకున్నారు. తెలంగాణలో తుపాకి రాముడంటారు. పాత ఖాకీ కోటు, టోపీ, చేతిలో కర్ర తుపాకి, మాటల్లో సగం తెలుగు సగం వేరేదేదో. దొరల దర్జాని వెక్కిరించే వేషం అది. మా ఊరొచ్చినాయన, మా బంగళాకి గోడలుండవండీ గాలి బాగా రావాలని, పైకప్పు కూడా పెట్టించలేదండీ నక్షత్రాలు కనపడవని, అంటూ మొదలెట్టి పావుగంటలో ధవళేశ్వరం ఆనకట్ట మా తాతయ్య పేర రాసిచ్చేసేవాడు. "కాయితాలు రేపు పంపిస్తాను, ఇవాల్టికి ఓ అర్ధరూపాయి సర్దండి దొరా" అనేవాడు. ఈయనా డబ్బులడిగాడు కదా మరి అంటారేమో. అడిగాడు, కానీ ఆనకట్టకి ధర అడగలేదు, నవ్వించినందుకు అడిగాడు, పైగా నేను చెప్పేవన్నీ ఉత్తివే అని ఆ కర్ర తుపాకితో ముందే చెప్పేశాడు. ఇప్పుడు టీవీ డిబేట్లలో ఒక పార్టీవాడు ఇంకో పార్టీవాణ్ణి పిట్టలదొర అని తిడుతుంటే నాకు ఆ పిట్టలదొర మీదే జాలేస్తుంది.

ఇంగ్లండులో కంబ్రియా అనే చోట ఏటా నవంబరులో ప్రపంచంలోకెల్లా పెద్ద అబద్ధాలకోరు ఎవరో తేల్చడానికి పోటీ పెడతారు. 19వ శతాబ్దంలో అక్కడి వాస్‌డేల్ లోయలో విల్ రిట్సన్ అని ఒక పూటకూళ్ళ ఇంటాయన ఉండేవాడు. మా లోయలో టర్నిప్‌లు ఎంత పెద్దవంటే జనం ఆదివారం భోజనానికి గునపాలతో తవ్వుకుంటారు, తవ్వగా మిగిలిన డొల్లలో గొర్రెలు పడుకుంటాయి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడట. ఆయన పేరు మీదే ఈ పోటీ. ఇందులో రాజకీయ నాయకులకీ లాయర్లకీ ప్రవేశం లేదు, వాళ్ళకి చెయ్యి తిరిగిపోయి ఉంటుంది కాబట్టి మిగతావాళ్ళకి అన్యాయం అని. ఇది మాత్రం కోత కాదండీ, నిజంగానే రూలు.

ఆ పిల్లాడి వైపు నుంచి

ఇంటికొచ్చాక రెండ్రోజులు ఆ కుర్రాడి మీద నాకు కోపంగానే ఉంది. తర్వాత ఆలోచిస్తే గుర్తొచ్చింది, వరద కథకి పది నిమిషాల ముందు మావయ్య వాడికి క్లాసు పీకాడు. మీకేంట్రా, అన్నీ అమర్చిపెడుతున్నారు, మేము స్కూలుకి రెండు కాలవలు దాటి వెళ్ళేవాళ్ళం, దీపం బుడ్డి దగ్గర చదివాం, మీరు ఏసీ లేకపోతే పడుకోరు, ఆ ఫోను తీసేస్తే మీకు దారి కూడా తెలీదు. అదంతా వాడు తలొంచుకుని విన్నాడు. విన్నాక గూగుల్ తీశాడు.

అంటే వాడు పట్టుకున్నది పాముని కాదేమో. 'మా కాలంలో' అని మొదలయ్యే కోతకి చివర ఎప్పుడూ ఒక బిల్లు ఉంటుంది, నువ్వు మాకంటే తక్కువ, మాకు రుణపడి ఉన్నావు అని. ఆ బిల్లు చేతికిచ్చాక పిల్లలు లెక్క సరిచూసుకోరా? చూసుకుంటారు, చూసుకోవాలి కూడా. మా నాన్నగారు నాకు ఇదే బిల్లు ఇచ్చేవారు, స్కూలుకి నడిచిన దూరం మైళ్ళలో చెప్పేవారు, నాకు మార్కులు తగ్గినప్పుడల్లా స్కూలు ఇంకాస్త దూరం జరిగేది. నాకప్పుడు ఫోన్ లేదు కాబట్టి ఊరుకున్నాను, ఉంటే మ్యాపు తీసేవాణ్ణి.

కాబట్టి మావయ్య మీద నాకున్న ఫిర్యాదు ఇదీ. పాము బ్రహ్మాండం, కుక్కరు ఇంకా బ్రహ్మాండం, క్లాసు అనవసరం. రెండూ ఒకే సాయంత్రం ఒకే మనిషి దగ్గర వింటే పిల్లలు ఏది ఎందుకు చెప్తున్నాడో విడదీసి చూడరు.

ఇంకో చిక్కుంది. మావయ్య చెప్పేవాటిలో నమ్మశక్యం కానివి కొన్ని నిజంగా నిజాలు. వాళ్ళింట్లో వానాకాలం పులస పులుసు మామూలుగా వండుకునేవాళ్ళు, పనివాళ్ళకి కూడా అదే పెట్టేవాళ్ళు. ఇప్పుడు పులస ఒక్కటి వేలల్లో పలికితే పేపర్లో ఫొటో వేస్తున్నారు. స్కైలాబ్ అని నాసావాళ్ళ అంతరిక్ష కేంద్రం ఉండేది, దాని సంగతీ అంతే, 1979లో ఆకాశం నుంచి మన నెత్తిన పడుతుందని జనం కోళ్ళూ మేకలూ కోసుకు తినేశారంటే ఈ పిల్లలు కోత అంటారు. అదేమో జులై 11న పోయి హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ పడింది, అక్కడి ఎస్పరెన్స్ ఊరివాళ్ళు మా ఊళ్ళో చెత్త వేశారని నాసాకి 400 డాలర్ల ఫైన్ రాశారు. ఇది మావయ్య చెప్పుంటే ఒక్కడు నమ్మేవాడా?

చెప్పనివాళ్ళు

ఇక్కడ నాకో అనుమానం చాలాకాలంగా ఉంది. మా ఊళ్ళో 86 వరద మీద ఇన్ని కోతలున్నాయి కదా, పదేళ్ళ తర్వాత, 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను మీద ఒక్కటీ లేదు. వెయ్యిమందికి పైగా పోయారు ఆ తుఫాన్లో, కొబ్బరితోటలు తోటలే కూలిపోయాయి. వరద చెప్పి వచ్చింది, భద్రాచలంలో ఇంత ఉంది అంటే మనకి రేపటికి వస్తుంది అని లెక్కేసుకుని సామాన్లు సర్దుకునే టైం కొంతైనా దొరికింది, మా ఊరివరకు ప్రాణాలు పోలేదు. అందుకే దాన్ని పెంచి చెప్పుకోగలిగాం. గోదారి మధ్య లంకల్లో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు 86ని ఇలాగే చెప్పుకుంటారని నేననుకోను.

మా చిన్నమ్మమ్మని ఎప్పుడో అడిగాను 96 గురించి. "గాలొచ్చిందమ్మా, పోయింది" అంది. అంతే. మళ్ళీ బియ్యంలో రాళ్ళేరుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి ఆవిడకి ఏం పోయిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి ఎవరైనా ఒక పాత కష్టాన్ని నవ్వుతూ పదింతలు చేసి చెప్తున్నారంటే వాళ్ళు దాని అంచు మీద నిలబడి బయటపడ్డారని నేను అర్థం చేసుకుంటాను. కోత కొయ్యగలగడం కూడా అదృష్టమే.

ఇంకోటి, కోతలు మగాళ్ళ సొత్తు అనుకునేవాణ్ణి నేను, అరుగు మీద కూర్చునే తీరిక వాళ్ళకే ఉండేది కాబట్టి. అలాగని వంటింట్లో ఏం తక్కువ లేదు. మా అత్తయ్య, పెద్దమ్మ, వాళ్ళ తోటికోడళ్ళు అప్పడాలు వత్తుకుంటూ వాళ్ళ వాళ్ళ అత్తగార్ల పిసినారితనం మీద పోటీలు పడేవాళ్ళు. "మా అత్తగారు నూనెలో దారం ముంచి పెనం చుట్టూ తిప్పేది" అని ఒకావిడ, "మీ అత్తగారు నయం, మా ఆవిడ నూనె సీసా దోసెకి చూపించి మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేసేది" అని ఇంకొకావిడ, "తాళం తియ్యడం ఎందుకు దండగని మా అత్త బీరువానే దోసెకి చూపించేది" అని మా అత్తయ్య. ముగ్గురూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వేవాళ్ళు. కొత్తకోడళ్ళుగా ఆ ముగ్గురికీ కడుపునిండా తిండి దొరకలేదన్నది మాత్రం అచ్చంగా నిజం, అది మామూలుగా చెప్తే వినేవాళ్ళెవరూ లేరు ఆ ఇళ్ళల్లో, ఇలా చెప్తే మగాళ్ళు కూడా గుమ్మం దాకా వచ్చి విని నవ్వి వెళ్ళేవాళ్ళు.

చూశానా, విన్నానా

86 వరద నాకూ కొంచెం గుర్తుంది, ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నాను. ఎర్రనీళ్ళలో ఒక గడ్డిమేటు కొట్టుకొచ్చింది, దానిమీద కోళ్ళు నిలబడి ఉన్నాయి. ఇది నేను గట్టుమీంచి నా కళ్ళతో చూశానా, మావయ్య చెప్పగా చెప్పగా చూసినట్టయిపోయిందా అంటే ఇప్పుడు తేల్చలేను. మా అమ్మనడిగితే ఆ రోజు నన్ను గట్టుమీదకి పంపనే లేదంటుంది. మా అమ్మ జ్ఞాపకం మీదా నాకు పెద్ద నమ్మకం లేదు.

ఆ 1986లోనే, జనవరిలో, అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. ఉల్రిక్ నైసర్ అనే సైకాలజీ ప్రొఫెసరు మర్నాడే విద్యార్థుల చేత 'ఈ వార్త వినేటప్పటికి ఎక్కడున్నారు, ఎవరు చెప్పారు' అని రాయించి పెట్టుకుని, రెండున్నరేళ్ళ తర్వాత మళ్ళీ అదే అడిగాడు. చాలామంది వేరే కథ చెప్పారు, అదీ మంచి ధీమాగా చెప్పారు. వాళ్ళ చేత్తో రాసిన కాయితమే చూపించినా అసలు జ్ఞాపకం వెనక్కి రాలేదు. అంటే కోయకపోయినా పెరుగుతుందన్నమాట. అలాంటప్పుడు బుద్ధిపూర్వకంగా పెంచేవాడే కొంచెం నిజాయితీపరుడని నాకనిపిస్తుంది, కనీసం తను పెంచుతున్నానని అతనికి తెలుసు.

మా పెదనాన్న 1983లో కపిల్ దేవ్ 175 కొట్టిన మ్యాచ్ టీవీలో చూశానంటాడు. 17 పరుగులకి 5 వికెట్లు పోయినప్పుడు లేచి స్నానానికి వెళ్ళానని, మనవాళ్ళు 266 దాకా లాగేసరికి తడిబట్టలతోనే నిలబడిపోయానని అంటాడు. జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జరిగిన ఆ ఆటకి వీడియో లేనే లేదు, ఆ రోజు బీబీసీ వాళ్ళు సమ్మెలో ఉన్నారంటారు, పైగా అప్పటికి మా ఊళ్ళో టీవీయే లేదు. ఈ సంగతి ఒకసారి నేనే ఆయనకి చెప్పాను. ఆయన రెప్ప వెయ్యలేదు. "అందుకేరా దాన్ని గురించి మేము చెప్తే మీరు వినాలి" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

యజమాని లేని కోతలు

నాకు నిజంగా చిరాకు తెప్పించేవి వేరే ఉన్నాయి. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో వచ్చిపడే 'ఆ రోజులే వేరు' మెసేజులు. ఆ రోజుల్లో జబ్బులు లేవు, గొడవలు లేవు, అందరూ కలిసి ఉండేవాళ్ళు, పాలల్లో నీళ్ళుండేవి కావు. ఇవి కూడా కోతలే కదా, వీటినెందుకు తిడతావంటే, వీటికి చెప్పినవాడు లేడు. 'పాముకి అడుగులేంటి బావా' అని అడగడానికి ఎదురుగా మనిషి లేడు. ఎవడో రాశాడు, అందరూ పంపారు, చివరికి నా పాతకాలం గొప్పది, ఈ కాలం చెడ్డది, దీనికి ఫలానావాళ్ళు కారణం అని బిల్లు మాత్రం మనకొస్తుంది. మావయ్య కోతలో హీరో మావయ్య, దెబ్బతినేదీ మావయ్యే. వీటిలో హీరో ఎవరో తెలీదు, దెబ్బ మాత్రం పక్కింటివాడికి తగుల్తుంది.

ఈ మధ్య పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసిపెట్టాలని మా చెల్లి పట్టుబట్టింది, మంచి ఆలోచనే. బాబాయ్‌ని కూర్చోబెట్టి ఫోను స్టాండుకి బిగించి, ఎన్టీఆర్ చైతన్యరథం మీద వచ్చినప్పటి కథ చెప్పమన్నాం. మాకు తెలిసిన కథలో రథం ఆగుతుంది, బాబాయ్ ఇత్తడి చెంబుతో మజ్జిగ అందిస్తాడు, ఆయన తాగి బాబాయ్ భుజం తడతాడు, ఆ చొక్కా చాలాకాలం ఉతకరు. రికార్డింగ్ ఆన్ చేశాక బాబాయ్ గొంతు సవరించుకుని, "1982లో ఆయన పార్టీ పెట్టాక మా ఊరిమీదుగా వెళ్ళారు. నేను దూరంగా నిలబడి చూశాను. దుమ్ము బాగా లేచింది. రథం ఆగలేదు" అన్నాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫోన్ ఆపగానే కుర్చీ ముందుకి జరుపుకుని, "అదంతా రికార్డు కోసంరా, అసలేం జరిగిందో చెప్తా విను" అని మజ్జిగ చెంబు బయటికి తీశాడు.

ఆ వీడియో మా గ్రూపులో ఉంది, చూసినవాళ్ళు లేరు.

నా బెంగల్లా నా దగ్గర సరుకు ఏముందీ అని. వరద ఈదే వయసు కాదు, రథం వచ్చినప్పటికి పాలు తాగుతున్నాను. మా తరానికి దక్కినవి ఎంసెట్ కౌన్సెలింగు, డయలప్ ఇంటర్నెట్టు, ఎస్టీడీ బూతు. ఉన్నదాంతోనే సర్దుకోవాలి. డిగ్రీలో ఉండగా హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చెయ్యాలంటే రాత్రి రేట్లు తగ్గేదాకా ఆగి బూతు దగ్గర లైన్లో నిలబడేవాళ్ళం, ఇప్పటి పిల్లలకి ఇదే అర్థం కాదు. ఓ రోజు ఆ లైను ఎంత పొడుగుందంటే నేను నిలబడ్డాను, నా ముందువాడికి అక్కడే ఉద్యోగం వచ్చింది, వాడి ముందువాడికి పెళ్ళయింది, శుభలేఖ నాకు లైన్లోనే ఇచ్చాడు. తీరా నా వంతు వచ్చేసరికి సెల్‌ఫోన్లొచ్చేసి బూతు ఎత్తేశారు. కావాలంటే నా వెనక నిలబడ్డవాణ్ణి అడగండి, ఇంకా అక్కడే ఉంటాడు.